చిన్న కారవాన్ కొనండి, కానీ మీరు అందులో పడుకుని లేచి చూశాకే

ప్రశ్న: మేము కొంపల్లిలో ఉంటాం. మావారికి 63, నాకు 59. ఆయన ఉద్యోగ విరమణ చేసిన ఏడాది పదహారు అడుగుల కారవాన్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల గది, కొన్నాం. కాగితాల మీద ఖాళీ బరువు 1,150 కిలోలు, మొత్తం బరువు 1,500. డీజిల్ కారుకు తగిలించుకుని నాలుగేళ్లలో పదకొండుసార్లు వెళ్లాం. పోయిన ఏడాది మాత్రం అందులో పడుకున్నది నాలుగు రాత్రులే. డిసెంబరులో శ్రీశైలం నుంచి వస్తూ, అడవి దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రికి మూసేలోపు దాటాలని తొందరపడ్డాం. ఆ వేగమే కొనసాగింది. తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక ఒక బస్సు మమ్మల్ని దాటుకుని పోయింది. వెంటనే కారవాన్ ఆ పక్కకూ ఈ పక్కకూ ఊగడం మొదలైంది. కారు తోక పట్టుకుని ఎవరో ఈడుస్తున్నట్టు అనిపించింది. ఎలాగో ఆగాం. తిరుగు ప్రయాణంలో వెనక అరలో ఇన్వర్టర్ బ్యాటరీ, నిండుగా ఉన్న రెండు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు, మడత కుర్చీలు, బల్ల ఉన్నాయి. ఆ రోజు నుంచి నాకు కారెక్కాలంటే గుండె దడ. ఆయన దీన్ని అమ్మేసి, నీటిబొట్టు ఆకారంలో ఉండే చిన్న బండి కొందామంటున్నారు. నాకు మోకాళ్ల నొప్పులు, రాత్రి రెండుసార్లు లేవాలి. కారవాన్ నిలిపిన పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు, మార్చిలోగా తీసేయమన్నారు. ఏం చేయాలి? నేను వద్దంటే ఆయన మనసు నొచ్చుకుంటుందని కూడా ఉంది.

సమాధానం: ముందు ఆ రాత్రి సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన వాక్యం వెనక అరలో ఏమేం ఉన్నాయో రాసిన వాక్యం. మీరు దాన్ని మామూలు వివరంగా రాశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను, ఎందుకంటే బండి ఊగడానికి పెద్ద కారణం అందులోనే ఉంది.

చిన్నప్పుడు ఎడ్లబండి ఎక్కినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. బండి వెనక బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద నుంచి పైకి లేస్తుంది. బండి తోలేవాడు గబుక్కున ముందుకు జరిగి కూర్చుంటాడు, లేదా రెండు బస్తాలు ముందుకు లాగుతాడు. కారవాన్ కూడా ఒకే ఇరుసు మీద నిలిచే బండే. దాని ముందు భాగం కారు వెనకనున్న కొక్కెం మీద కొంత బరువుతో గట్టిగా కూర్చోవాలి. ఐరోపాలో మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం కొక్కెం మీద ఉండాలంటారు. అమెరికాలో ట్రైలర్ల లెక్క వేరు, అక్కడ 10 నుంచి 15 శాతం చెబుతారు. మనం తక్కువ లెక్కే పట్టుకుందాం. సామానుతో మీ బండి 1,400 కిలోలు ఉందనుకుంటే 70 నుంచి 98 కిలోల బరువు కొక్కెం మీద ఉండాలి.

ఇప్పుడు వెనక అర చూడండి. ఇన్వర్టర్‌కు వాడే 100 యాంపియర్ అవర్ల సీసం బ్యాటరీ సుమారు 30 కిలోలు. నీళ్లు 40 కిలోలు. కుర్చీలు, బల్ల కలిపి ఓ 15. మొత్తం 85 కిలోలు. ఆ అర ఇరుసుకు రెండు మీటర్లు వెనక, కొక్కెం ఇరుసుకు మూడున్నర మీటర్లు ముందు ఉన్నాయనుకోండి, మీ పదహారు అడుగుల బండికి ఇది దగ్గరి లెక్కే. అప్పుడు వెనకనున్న ఆ 85 కిలోలు కొక్కెం మీద నుంచి దాదాపు 49 కిలోలను పైకి ఎత్తేస్తాయి. ఉండవలసిన బరువులో సగం పోయింది. పట్టు సడలిన బండి పక్క నుంచి బస్సు దూసుకుపోతే, దాని ముందు గాలి ఒకసారి నెట్టి, వెనక గాలి ఒకసారి లాగుతుంది. అంతే చాలు, ఊగడం మొదలవుతుంది. వేగం ఎక్కువ ఉంటే ఊపు తగ్గకుండా ప్రతిసారీ పెరుగుతుంది.

ఇది మీవారి తప్పు అని చెప్పడానికి రాయడం లేదు. నాలుగేళ్లు క్షేమంగా నడిపిన మనిషి ఆయన. కానీ ఈ లెక్క తెలియకుండా చిన్న బండికి మారితే అదే భయం మీతో పాటు కొత్త బండిలోకి వస్తుంది. చిన్నదైనంత మాత్రాన ఊగకుండా ఉండదు. 500 కిలోల బండిలో ఆ 85 కిలోలను తీసుకెళ్లి వెనక వంటగది అరలో పెడితే, మీ పెద్ద బండిలో జరిగినదానికన్నా ఎక్కువే జరుగుతుంది.

మళ్లీ ఎప్పుడైనా ఊగితే ఏం చేయాలో మీరిద్దరూ తెలుసుకుని ఉండండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాలి. స్టీరింగ్ నేరుగా, గట్టిగా పట్టుకోవాలి. ఊపుకు ఎదురు తిప్పి సరిచేద్దామని చూడకూడదు, అది మంటకు నూనె పోసినట్టే. గట్టిగా బ్రేకు వేయకూడదు, వేగం పెంచి లాగేద్దామనుకోకూడదు. వేగం దానంతట అది పడిపోతుంటే ఊపు చల్లారుతుంది. పక్క సీట్లో కూర్చున్న మీరు చేయవలసిన పని ఒక్కటే, "కాలు తీయండి" అని నెమ్మదిగా చెప్పడం. ఔటర్ మీద కార్లకు 120 వరకు అనుమతి ఉంది, కానీ అది వెనక బండి లేని కార్ల సంగతి. వేగానికి పేరుపడ్డ జర్మనీలోనే కారవాన్ లాగే కార్లకు సాధారణ పరిమితి 80. మీకూ అదే హద్దు. మన్ననూరు గేటు రాత్రి తొమ్మిదికి మూస్తారని తెలిసిన రోజున శ్రీశైలం నుంచి మధ్యాహ్నమే బయల్దేరండి. బయల్దేరడం ఆలస్యమైతే ఆ రాత్రి అక్కడే ఉండిపోండి.

ఇక అసలు ప్రశ్న. అమ్మేసి చిన్నది కొనాలా? కొనండి. ఈ మాట నేను సందేహం లేకుండా చెబుతున్నాను. మీ భయం కన్నా మీరు రాసిన అంకెలే నాతో ఈ మాట చెప్పించాయి. పోయిన ఏడాది నాలుగు రాత్రులు. నాలుగు రాత్రుల కోసం ఏడాది పొడవునా ఒక స్థలం వెతుక్కోవడం, వానకు తడి దిగకుండా చూసుకోవడం, కదలక నిలబడ్డ టైర్లు పగుళ్లు తీశాయా అని వంగి వంగి చూడడం మీ వయసులో ఆనందం కాదు. ప్రయాణాలు తగ్గింది మీకు మనసు లేక కాదు. తీయడమే పెద్ద పని కాబట్టి.

మాదీ అదే కథ. ఆరేళ్లు పద్నాలుగు అడుగుల బండి ఉంచుకున్నాం. ఆఖరి రెండేళ్లు దానికి దుమ్ము దులపడమే తప్ప ఎక్కింది లేదు. ఒకసారి చేవెళ్ల మీదుగా అనంతగిరి వెళ్తున్నాం. మొయినాబాద్ దాటాక ఆ రోడ్డుకు రెండు వైపులా నిలబడ్డ మర్రిచెట్లు మీరు చూసే ఉంటారు. నాకు ఆ చెట్లంటే ప్రాణం. కానీ ఆ రోజు ఎదురుగా లారీ వస్తుంటే ఎడమకు జరగాలి, జరిగితే మర్రి కొమ్మ కప్పుకు తగులుతుంది. మావారి చేతులు స్టీరింగ్ మీద బిగుసుకుపోయాయి, నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. చెట్ల కిందుగా హాయిగా వెళ్లవలసిన దారిని చెట్లకు భయపడుతూ దాటాం. కోట్‌పల్లి జలాశయం దగ్గర బండి తిప్పుకునే చోటు లేక అర కిలోమీటరు వెనక్కి నడిపించాం. ఇంటికి వచ్చిన రాత్రే అమ్మేయాలని నిర్ణయించుకున్నాం.

చిన్న బండి ఇచ్చే అసలు సుఖం రోడ్డు మీదకన్నా ఆగిన చోట తెలుస్తుంది. 1,400 కిలోల బండిని నూటికి ఐదడుగుల చొప్పున లేచే వాలు మీదకు తోయాలంటే వాలు ఒక్కదానికే 70 కిలోల తోపు కావాలి, చక్రాల రాపిడికి మరో 20. ఇద్దరు పెద్దవాళ్ల వల్ల అయ్యే పని కాదు. 650 కిలోల బండికి వాలుకు 32, రాపిడికి పది. గచ్చు సమంగా ఉంటే ఒక్క మనిషి చేత్తో జరపగలరు. ఈ తేడా వల్ల బండి మీ ఇంటి గేటు లోపలికి, పోర్టికో కిందకు వస్తుంది. కళ్లెదుట ఉన్న బండి శుక్రవారం సాయంత్రం బయల్దేరుతుంది. గాలి లెక్క కూడా ఉంది. ఎత్తు తక్కువైతే బస్సు నెట్టే గోడ తక్కువ. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగంతో పాటు ఎంత పెరుగుతుందంటే, 80 నుంచి 100కు వెళ్లేసరికి దాదాపు రెట్టింపు అవుతుంది. డీజిల్ ఎక్కడికి పోతోందో ఇక్కడ తెలుస్తుంది.

ఏ బండి అన్నదగ్గర మాత్రం నేను మీ పక్షం.

మీవారు మనసు పడ్డ నీటిబొట్టు బండి అందమైనది. 1930ల్లో అమెరికాలో పుట్టింది. ముందు గుండ్రంగా, వెనకకు సన్నగా దిగే ఒళ్లు. లోపల ఒక పరుపు, అంతే. వెనక తలుపు పైకెత్తితే దాని నీడలో చిన్న వంటగది. బరువు చాలా తక్కువ, గాలికి దాదాపు అడ్డు పడదు, కారు దాన్ని మరచిపోతుంది. ముప్ఫై ఏళ్ల జంటకు నేను కళ్లు మూసుకుని అదే చెబుతాను. కానీ లోపల నిలబడలేరు. చాలావాటిలో నాలుగడుగుల ఎత్తు ఉంటుంది. చీర సర్దుకోవాలన్నా పడుకునో, మోకాళ్ల మీద వంగో సర్దుకోవాలి. రాత్రి లేవాలంటే పరుపు మీద పాకి, కాళ్లు బయటకు వేసి, చీకట్లో నేల వెతుక్కుని, చెప్పులు తొడుక్కుని నడవాలి. రెండుసార్లు. వాన పడితే వంటా వానలోనే. మీరు మోకాళ్ల సంగతి ఉత్తరం చివర్లో, ఒక్క మాటలో రాశారు. ఈ నిర్ణయానికి అది మొదటి వాక్యం కావాలి.

ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతాను. ఇంట్లో ఏదైనా తగ్గించుకోవాలన్నప్పుడు ముందుగా తగ్గేది ఆడవాళ్ల వాటా. కారవాన్‌లోనూ అంతే. బరువు తగ్గాలంటే మొదట పోయేవి మరుగుదొడ్డి, నిలబడే చోటు, బట్టలు మార్చుకునే మూల. మీవారికి కొక్కెం, టైర్లు, ఇంజను గురించి ఆలోచన ఉంది, అది మంచిదే. మీకు కావలసినవి కూడా బండిలో భాగాలే అని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. మీరు చెప్పండి. నొచ్చుకుంటారని భయపడకండి. ఆయన ఈ బండి కొనాలనుకుంటున్నది మీతో కలిసి వెళ్లడానికే. మీరు రెండోసారి రానంటే ఆ నీటిబొట్టు కూడా పక్క స్థలంలో దుమ్ము పట్టి నిలబడుతుంది.

రెండో రకం గుడ్డ గోడల బండి. దారిలో పెట్టెలా మూసుకుని ఉంటుంది, చేరాక కప్పు లేపితే చుట్టూ కాన్వాసు గోడలు సాగి పరుపులు బయటకు వస్తాయి. తేలిక, చవక, లోపల నిలబడవచ్చు. మొదట మేము కొన్నది ఇదే. దీని గురించి నాకు తెలిసినంతా చెబుతాను, ఎందుకంటే డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. వానలో మూస్తే కాన్వాసు తడిగా మడత పడుతుంది. ఇంటికి రాగానే మళ్లీ విప్పి ఆరబెట్టాలి. ఒక ఆగస్టులో మేము మూడు రోజులు బద్ధకించాం. నాలుగో రోజు తెరిస్తే నల్లటి బూజు చుక్కలు, పోని వాసన. అనంతగిరిలో కోతులు మరో సంగతి. అరటిపండ్లు లోపల ఉన్నాయని వాటికి ఎలా తెలుస్తుందో గానీ, గట్టి గోడ అయితే చుట్టూ తిరిగి వెళ్లిపోతాయి, గుడ్డ గోడను చింపుతాయి. శ్రీశైలం దారిలోనూ కోతులు ఎక్కువే. విప్పడానికి, మూయడానికి అరగంట వంగి లేచే పని. మీకు వద్దు.

మూడోది నేను మీకు చెప్పదలచుకున్నది. కింద గట్టి గోడలు, పైన కప్పు మాత్రమే లేచే రకం. దారిలో పొట్టిగా ఉంటుంది. ఆగాక కప్పు లేపితే మధ్యలో మనిషి నిలబడేంత ఎత్తు వస్తుంది. పది పన్నెండు అడుగుల పొడవు, నిండా సామానుతో మొత్తం బరువు 750 కిలోల లోపు ఉండేది వెతకండి. మన నిబంధనల్లో ట్రైలర్లకు మొదటి తరగతి హద్దు కూడా ఆ 750 కిలోలే, దాన్ని టీ1 అంటారు. మీ ఇప్పటి బండి ఆ తర్వాతి తరగతిలోది. ఇందులోనూ స్నానాల గది పోతుంది, అది ఒప్పుకోక తప్పదు. కానీ చేతితో మోసే మరుగుదొడ్డి పెట్టె పట్టే చోటు ఉంటుంది. అది ఖాళీగా నాలుగైదు కిలోలే. ఒక్క జాగ్రత్త: వాటిలో చాలావరకు ఎత్తు తక్కువ, మోకాళ్లు నొప్పిగా ఉన్నవారికి లేవడం కష్టం. కింద గట్టి చెక్క పీట వేసి, మన ఇంటి కుర్చీ ఎత్తుకు, అంటే నేల నుంచి 45 సెంటీమీటర్లకు తెప్పించండి. పక్కన పట్టుకుని లేవడానికి ఒక కడ్డీ బిగించండి. దాన్ని ఖాళీ చేయడం ఇంటి మరుగుదొడ్డిలోనో, దిగిన హోటల్‌లో అడిగో చేయాలి. చెరువు గట్టున, అడవిలో పారబోయవద్దు. మనం వెళ్లేదే ఆ నీళ్లు చూడడానికి.

కొనేముందు రెండు పనులు చేయండి. మొదటిది, బండి లోపలి పొడవు, వెడల్పు అడిగి తెలుసుకుని మీ పోర్టికోలో ముగ్గుపిండితో ఆ కొలత గీయండి. పరుపు ఎక్కడ, పొయ్యి ఎక్కడ, తలుపు ఎక్కడ అన్నీ గీయండి. రెండు కుర్చీలు వేసుకుని ఒక సాయంత్రం ఆ గీతల లోపలే గడపండి. టీ పెట్టుకోండి, చీర మడత పెట్టండి, ఒకరిని దాటుకుని ఒకరు వెళ్లి చూడండి. మేము ఇలాగే ఒక బండిని కొనకముందే వద్దనుకున్నాం. రెండోది, అమ్మేవారి షెడ్డులో మీరు స్వయంగా అందులోకి ఎక్కి పరుపు మీద పడుకోండి. పావుగంట ఉండండి. లేవండి, దిగండి. మళ్లీ ఎక్కండి. సిగ్గుపడవద్దు. లక్షల రూపాయల వస్తువు. మెట్టు ఎత్తు, పట్టుకునే కడ్డీ, తలకు తగిలే అంచు, ఇవి ఏ కాగితంలోనూ రాయరు.

ఏసీ గురించి మీరు అడగలేదు, కానీ అమ్మేవారు తప్పకుండా చెబుతారు కాబట్టి నేనే చెబుతాను. ఒక టన్ను ఏసీ నడుస్తున్నప్పుడు వెయ్యి వాట్ల పైనే తీసుకుంటుంది. 12 వోల్టుల, 100 యాంపియర్ అవర్ల బ్యాటరీలో మొత్తం ఉన్నది 1,200 వాట్ అవర్లు. సీసం బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. అంటే అరగంట చల్లదనం. కప్పు మీద పరిచే సోలార్ పలకలు దీన్ని మార్చలేవు. కరెంటు ప్లగ్గు దొరికే చోట ఏసీ పనికొస్తుంది, లేని చోట అది మోసుకు తిరిగే బరువు. 30 వాట్ల ఫ్యాను అదే బ్యాటరీ మీద రాత్రంతా తిరుగుతుంది. కాబట్టి చిన్న బండిని అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు వాడే వస్తువుగా చూడండి. మే నెలలో హైదరాబాద్ ఎండలో రేకు పెట్టెలో పడుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. బ్యాటరీని మాత్రం లిథియం రకానికి మార్చండి. అదే సామర్థ్యానికి 12 కిలోల దగ్గర వస్తుంది, ఒక్క మార్పుతో 18 కిలోలు దిగుతాయి. గ్యాసు కూడా అంతే. ఇంటి సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి 30 దగ్గర. ఇద్దరికి అన్నం, చారు, కాఫీ కాచుకోవడానికి ఐదు కిలోల చిన్న సిలిండర్ చాలు.

ఇలా పట్టుకుని లెక్కవేయడం చాదస్తం అనిపించవచ్చు. కానీ చిన్న బండిలో మోతకు మిగిలేది కొంచెమే. 750లో ఖాళీ బండి 540 అయితే మీకు మిగిలింది 210 కిలోలు. నీళ్లు, బ్యాటరీ, సిలిండర్, మరుగుదొడ్డి, దుప్పట్లు, గిన్నెలు, బియ్యం, కుర్చీలు అన్నీ అందులోనే. అమ్మేవారు చెప్పే ఖాళీ బరువులో పందిరి, సోలార్ పలక, అదనపు చక్రం ఉన్నాయా అని అడగండి. తరచు ఉండవు. కొన్న వెంటనే నిండా సర్దుకుని లారీలు తూచే వేబ్రిడ్జి మీదకు తీసుకెళ్లండి. సరుకు సర్దడంలో సూత్రం ఎడ్లబండిదే. బరువైనవి ఇరుసు మీద, నేలకు దగ్గరగా. తేలికవి రెండు కొసలకు.

బాలానగర్‌లో, ఆటోనగర్‌లో మంచి పనివాళ్లున్నారు, సగం ధరకు చేయించుకుందామని మీవారికి ఎవరైనా చెప్పి ఉంటే దయచేసి ఆపండి. వాళ్ల చేతిపనిని తక్కువ చేయడం లేదు. మా బండి అల్మారాలు అక్కడివే. కానీ ట్రైలర్ కూడా చట్టం దృష్టిలో వాహనమే, దానికి సొంత రిజిస్ట్రేషన్ కావాలి. తయారీదారు దగ్గర ఆమోదం పొందిన నమూనా, అమ్మకపు పత్రంగా ఫారం 21, రోడ్డుకు తగినదని చెప్పే ఫారం 22 ఉన్నాయో లేదో బయానా ఇవ్వకముందే చూడండి. ఇవి లేకపోతే రవాణా కార్యాలయంలో నంబరు పుట్టదు. నంబరు లేని బండికి బీమా లేదు. బీమా లేని బండితో ప్రమాదం జరిగితే మీరు దాచుకున్న డబ్బు మొత్తం పణంగా పెట్టినట్టే. చాలామంది మరచే సంగతి ఇంకొకటి ఉంది. మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్ ప్రకారం లాగే కారు నంబరు కూడా ట్రైలర్ మీద కనబడాలి. కారు బీమా సంస్థకు కూడా మీరు ట్రైలర్ లాగుతున్నారని చెప్పి, పాలసీలో రాతపూర్వకంగా చేర్పించండి. ఫోనులో "పర్వాలేదండి" అన్న మాట మీద ఆధారపడకండి.

కారు వెనక కొక్కెం బంతి, దాన్ని పట్టుకునే బండి ముందు గిన్నె (కప్లింగ్), ఈ రెండింటి కొలత కూడా చూడండి. ఐరోపా కొలత 50 మిల్లీమీటర్లు, అమెరికా కొలత రెండు అంగుళాలు, అంటే 50.8. చూపుకు ఒకటే అనిపిస్తాయి, కానీ పెద్ద గిన్నెలో చిన్న బంతి గతుకుల మీద జారిపోయే ప్రమాదం ఉంది. రెండింటి మీదా చెక్కి ఉన్న అంకె చదవండి. 750 కిలోల లోపు బండ్లకు చాలా దేశాల్లో సొంత బ్రేకులు తప్పనిసరి కాదు. మీరు మాత్రం బ్రేకులున్నదే తీసుకోండి. దోమలపెంట దాటాక శ్రీశైలం డ్యామ్ దాకా దిగే ఆ మలుపులు మీకు తెలుసు. అక్కడ వెనక నుంచి 700 కిలోలు నెడుతుంటే కారు బ్రేకులొక్కటే ఆపడం వేరు, బండి తన బరువు తాను ఆపుకోవడం వేరు.

ఇప్పటి కారవాన్ అమ్మకం గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. ఆరేళ్లు దాటితే కొనేవారు ధర తగ్గిస్తారు, న్యాయమే. లోపల తడి మరకలుంటే ముందే చెప్పండి. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టడంతో ఊరుకోకుండా, రాష్ట్రంలోనే అమ్మితే పద్నాలుగు రోజుల్లో మీ వైపు నుంచి రవాణా కార్యాలయానికి తెలియజేయండి. పేరు మారేవరకు ఆ బండి రోడ్డు మీద చేసే ప్రతి పనికీ మీవారే బాధ్యులు. మార్చి గడువు చూసి వచ్చిన ధరకు ఇచ్చేయకండి. అవసరమైతే మూడు నెలలు ఊరి బయట అద్దె స్థలంలో పెట్టండి. తొందరలో అమ్మి, తొందరలో నీటిబొట్టు కొనడం కన్నా ఆ అద్దె చవక.

ఇంకో కోరిక. కొత్త బండి వచ్చాక మీరూ నడపడం నేర్చుకోండి. కారు నడపడం వస్తుందో లేదో మీరు రాయలేదు. రాకపోతే కనీసం కొక్కెం తగిలించడం, గొలుసులు వేయడం, లైట్లు చూడడం మీ చేతుల మీదుగా చేయండి. నాకు అరవై రెండో ఏట మావారు ఖాళీ మైదానంలో బండి వెనక్కి నడపడం నేర్పారు. చిన్న ట్రైలర్ వెనక్కి వెళ్లేటప్పుడు పెద్దదానికన్నా త్వరగా మడత పడుతుంది, కాబట్టి చిన్నచిన్నగా తిప్పాలి. మూడు ఆదివారాలు పట్టింది. నా భయం పోయింది ఆ మైదానంలోనే. అప్పటి నుంచి పక్క సీట్లో కూర్చున్నప్పుడు బండి ఏం చేస్తోందో నాకు తెలుస్తుంది, తెలియనప్పుడు కలిగే దడ ఇప్పుడు లేదు.

మొదటి ప్రయాణం శ్రీశైలం వద్దు. నాగార్జునసాగర్ వెళ్లండి, హైదరాబాద్ నుంచి సుమారు 150 కిలోమీటర్లు, ఘాట్ లేదు. లేదా కోట్‌పల్లి. ఉదయం బయల్దేరి వెలుగుండగా చేరండి.

అమ్మకముందు ఇప్పటి కారవాన్‌తో ఒక్క పని ఉంది. వెనక అర ఖాళీ చేయకుండా, ఆ రోజు ఎలా ఉందో అలాగే సర్ది, వేబ్రిడ్జి మీద తూచండి. తర్వాత సమమైన నేల మీద చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందున్న కప్లింగ్ కింద ఒక కర్ర ముక్క నిలబెట్టి, ఆ కర్రను ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద ఆనించి ఎంత చూపిస్తుందో రాసుకోండి. పక్కన మీవారు, ఇంకెవరైనా ఒకరు ఉండాలి. బ్యాటరీ, నీళ్ల క్యాన్లు ఇరుసు మీదకు జరిపి మళ్లీ చూడండి. ఈ మూడు అంకెలు, కారు చేతిపుస్తకంలో ఎంత బరువు లాగవచ్చో, కొక్కెం మీద ఎంత మోపవచ్చో రాసిన పేజీ ఫోటో, కారు ఖాళీ బరువు నాకు పంపండి. కొత్తగా బండి లాగేవారికి బ్రిటన్‌లో చెప్పే హద్దు కారు బరువులో 85 శాతం. 1,700 కిలోల కారుకు అది 1,445 అవుతుంది. మీ కారు ఆ లెక్కకు ఎటువైపు నిలుస్తుందో చూసి, మీరు వెతకవలసిన బండి బరువు ఎంతో కిలోల్లోనే చెబుతాను.